తలుపు తీసేది చిన్నకోడలు

బెల్లు మోగితే తలుపు తీయాల్సింది చిన్నకోడలు. పొయ్యి మీద కూర మాడుతున్నా, తడిజుట్టు నీళ్ళు కారుతున్నా సరే. తలుపుకి రెండడుగుల దూరంలో పేపరు చదువుకునే మొగుడు తలైనా ఎత్తకుండా "బెల్లు" అంటాడు, ఆమెకేదో చెవుడున్నట్టు. తలుపు తీయడంతో ఆమె పని అయిపోతుంది. వచ్చింది ఉత్తరమైనా పార్సిలైనా సంతకం పెట్టి తీసుకునేది అత్తగారు. ఆవిడ సంతకం కూడా ఆవిడలాగే ఉంటుంది: పెద్ద అక్షరాలు, కింద బారుగా గీత, గీత కింద రెండు చుక్కలు.

పెళ్ళితో ఆగిపోయిన డిగ్రీని చిన్నకోడలు ఏడేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టింది. ఆఖరి సంవత్సరంలో కాలేజీ నోటీసు బోర్డు మీద, విద్యార్థులకి రాష్ట్రంలోని కోర్టుల్లో ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్ అని చూసి దరఖాస్తు పెట్టింది. "కాగితాలు కుట్టడానికి కోర్టు దాకా వెళ్ళాలా?" అని మొగుడు నవ్వాడు. "ఊరికే కాదండీ, స్టైపెండ్ ఇస్తారు" అనేసరికి నవ్వాపి, "ఎవరి అకౌంట్‌లో వేస్తారు?" అన్నాడు. అదే అనుమతి. ఆ రోజు నుంచి అత్తగారికి ఆమె లాయరమ్మ అయిపోయింది. "లాయరమ్మగారూ, ఆ బకెట్‌లో బట్టలు కాస్త ఆరేసి మరీ దయచేయండి" అనేది రోజూ. గుమ్మం దాటుతుంటే ఒకమాట కూడా తగిలించేది: "నిన్ను పంపింది కాగితాలు కుట్టడానికి. మనింటి గుట్టు అక్కడ విప్పడానికి కాదు."

ఆమె వదిలేసి వెళ్ళే పనంతా పెద్దకోడలి నెత్తిన పడింది. అయినా ఆవిడ ఒక్కరోజు విసుక్కోలేదు. "నువ్వు వెళ్ళు, నేను చూసుకుంటాలే" అనేది. బావగారికి రెండేళ్ళ కిందట వేరే ఊరికి బదిలీ అయితే, పెళ్ళాం పెట్టె సర్దుకుంది కూడా. "నువ్వూ పోతే ఈ ఇల్లెవరు చూస్తారే?" అని అత్తగారు పెట్టె విప్పించింది. ఆవిడా, ఆరేళ్ళ పాపా ఇక్కడే ఉండిపోయారు.

కోర్టులో చిన్నకోడలికి భార్యాభర్తల కేసుల సెక్షన్ ఇచ్చారు. నోటీసు అందినట్టు సంతకాలతో తిరిగొచ్చిన కాగితాలని ఏ కేసువి ఆ ఫైల్లో పెట్టి కుట్టడం, వాయిదా ప్రకారం అరల్లో సర్దడం ఆమె పని. మొదటిరోజే హామీపత్రం మీద సంతకం చేయించుకున్నారు. ఫైల్లో చూసింది బయట చెబితే ఇంటర్న్‌షిప్ రద్దు, కాలేజీకి రిపోర్టు. సొంతవాళ్ళ కేసు చేతికొస్తే అక్కడే ఆపి, సూపరింటెండెంట్ మేడమ్‌కి రాసివ్వాలి. సొంతవాళ్ళకి కోర్టులో ఏం పని, అనుకుంటూ సంతకం పెట్టింది.

నాలుగో వారం, గురువారం, టీ వేళకి ముందు ఆమె చేతికొచ్చిన కాగితం మీద రెండు చుక్కలు కనిపించాయి.

పైన గీత. గీత పైన ఆ పెద్ద అక్షరాలు. పక్కన 'అత్త' అని రాసి ఉంది. అడ్రసు తమ ఇల్లే. తన పేరే ఉంటుందనుకుని కాగితం పైభాగం చూడటానికి కాసేపు భయపడింది. చూసింది. తన పేరు కాదు. అమ్మయ్య అనుకుంది, అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది. అది తోటికోడలి పేరు. విడాకులు కావాలని, పాపని తనకే ఇప్పించాలని బావగారు వేసిన కేసు. భార్య ఎన్నిసార్లు పిలిచినా కాపురానికి రాలేదట. వాయిదా సోమవారం. నోటీసు అందీ రాకపోతే ఆమె లేకుండానే కేసు నడుస్తుంది.

తారీఖు చూస్తే ఆ రోజు గుర్తొచ్చింది. బెల్లు మోగితే తలుపు తీసింది తనే. ఎవరో సంచీ మనిషి, చేతిలో కాగితాలు. వెనకనుంచి అత్తగారు, "పాలు పొంగుతున్నాయి, వెళ్ళి చూడు" అంది. పరుగెత్తుకుని వెళ్తే పొయ్యి మీద పాలే లేవు. పెద్దావిడ, మతిమరుపేమో అనుకుని నవ్వుకుంది కూడా. ఈ సంతకం పడింది అప్పుడే.

సాయంత్రం వంటింట్లో పెద్దకోడలు పిండి కలుపుతూ, "ఏంటే, మొహం అలా వాడిపోయింది?" అంది. "ఏం లేదక్కా, ఎండ" అంది చిన్నకోడలు. చెబితే? హామీపత్రం, కాలేజీ, ఇన్నేళ్ళకి దొరికిన ఆ కుర్చీ, అన్నీ పోతాయి. అక్క ఇంత కడుపులో దాచుకోలేదు, రాత్రి భోజనాలకే ఇల్లంతటికీ తెలుస్తుంది. హాల్లో టీవీ ముందున్న మొగుడి దగ్గు వినిపించగానే ఆమె వంటింటి తలుపు దగ్గరికి వేసింది.

"నీకో మాట చెప్తాను, ఎవరితో అనకు" అంది పెద్దకోడలు, గొంతు తగ్గించి. ఆవిడ మొహం పెళ్ళికూతురి మొహంలా ఉంది. "మీ బావగారు ఫోన్ చేశారు. పాప స్కూలు కాగితాలు, బర్త్ సర్టిఫికెట్ పంపమన్నారు. నిన్ననే పంపేశాను. మమ్మల్ని తీసుకెళ్ళిపోతారేమోనే! నేను వెళ్ళిపోతే నీకే కష్టం పాపం."

చిన్నకోడలు పంపు తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ఇంత భయం ఆమె పెళ్ళప్పుడు కూడా పడలేదు.

శుక్రవారం పదింటికి సూపరింటెండెంట్ మేడమ్ బల్ల ముందు నిలబడి కాగితం ఇచ్చింది. నాలుగే వాక్యాలు. ఈ కేసులో భార్య నా తోటికోడలు. మాదొకే ఇల్లు. సంతకం మా అత్తగారిది, నోటీసు తోటికోడలికి అందలేదు. ఈ ఫైలు నా చేతినుంచి తీసేయండి. చివరి వాక్యం దగ్గర అక్షరాలు వంకర పోయాయి.

మేడమ్ కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది. "అమ్మాయ్, ఇది జడ్జిగారి దగ్గరికి వెళ్తుంది. నీ సెక్షన్ ఎలాగూ మారుస్తాం. మీ ఇంట్లో ఇది ఎవరు చెప్పారో కనుక్కోవడం ఎంతసేపు? ఆలోచించుకున్నావా?"

"లేదు మేడమ్. ఆలోచిస్తే ఇవ్వలేను. తీసుకోండి."

మేడమ్ ఫైలు పట్టుకుని జడ్జిగారి గదిలోకి వెళ్ళింది. ఆ పావుగంటా చిన్నకోడలు గోడకి ఆనుకుని నిలబడింది. ఇన్నేళ్ళుగా విన్న గొంతులన్నీ ఒక్కసారే చెవుల్లో మోగాయి. ఇంటిదొంగ. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం. పుట్టింటికి పో. పారిపోవాలనిపించింది కానీ కాళ్ళు కదల్లేదు, అదే మంచిదైంది.

మేడమ్ బయటికొచ్చింది. "నోటీసు మళ్ళీ ఇవ్వమన్నారు. ఈసారి ఆవిడ చేతికే ఇవ్వాలి, ఇంకెవరూ తీసుకోకూడదు. కొత్త వాయిదా పడుతుంది." నోటీసులు పంచే మనిషి సంచీ భుజాన వేసుకుని, పుస్తకం తెరిచాడు. ఆ రోజు గుమ్మంలో నిలబడ్డ మనిషే. ఆమెని గుర్తుపట్టలేదు, అదే ఇంటి కోడలని మేడమ్ చెప్పింది.

"ఎప్పుడు రమ్మంటారమ్మా? ఆ పెద్దావిడే ఎదురొచ్చి, కోడలు ఇంట్లో లేదంటే నేనేం చెయ్యను?"

చిన్నకోడలు ఆ పుస్తకంలో పెద్దకోడలి పేరు మీద వేలు పెట్టి చూపించింది.

"రేపు పొద్దున ఎనిమిదింటికి రండి. పాలు పొంగినా సరే, నేను గుమ్మంలోంచి కదలను. తలుపు నేను తీస్తాను, సంతకం మా అక్క పెడుతుంది."