డ్రైవరు వైపు బోల్టు

ఏక్సిలరేటరు మీంచి కాలు తీసేసింది. బండి నెమ్మదించలేదు సరికదా, ఇంకా ఊపందుకుంది.

"వదినా, కాలు తియ్యి!" పక్క సీట్లోంచి వెల్డరు అరిచాడు.

"తీసి చాలాసేపయింది. గట్టిగా పట్టుకో."

పరీక్ష కోసం వెనక వేసిన పది ఇసుక బస్తాలున్నా ఆ పాత పికప్పు తాడు తెంచుకున్న ఎద్దులా ఎత్తురోడ్డెక్కుతోంది. ముందు మలుపులో బస్సు ఆగి ఉంది. జనం దిగుతున్నారు. బానెట్ కింద నిన్ననే మార్చి బిగించిన పెద్ద ఇంజన్ గొంతు చించుకుంటోంది.

షెడ్డులో అందరూ చిన్న మేస్త్రీ అని పిలిచే ఆ మనిషి పదిహేనేళ్లుగా ఇంజన్లతోనే కాపురం చేస్తోంది. క్లచ్చు తొక్కింది. తాళం ఒక్క మెట్టు వెనక్కి తిప్పి అక్కడే ఆపింది. ఇంకో మెట్టు తిప్పితే స్టీరింగు బిగుసుకుపోతుంది. ఇంజన్ నోరు మూసుకుంది. అప్పుడు రెండు కాళ్లూ బ్రేకు మీద వేసి దాదాపు లేచి నిలబడింది.

పికప్పు బస్సుకు మూరెడు దూరంలో ఆగింది.

"బతికే ఉన్నావా మరిదీ?"

"నీ చెల్లెల్ని అడిగి చెప్తాను."

బానెట్ ఎత్తగానే ఆమెకు సంగతి అర్థమైంది. ఇంజన్‌ను ఛాసీకి పట్టి ఉంచే బోల్టుల్లో డ్రైవరు వైపుది వదులైపోయి, నట్టు చివరి మరకు వేలాడుతోంది. ఇంజన్ బలంగా లాగినప్పుడు ఆ వైపు పైకి లేస్తోంది. లేస్తూ ఏక్సిలరేటరు కడ్డీని తనే లాక్కుంటోంది. అంటే తన గొంతులో పెట్రోలు తనే పోసుకుంటోందన్నమాట.

వెల్డరు మొహం పాలిపోయింది. "అది నేను బిగించిందే, వదినా."

"బిగించావు. నేను పక్కనే నిలబడి చూశాను. నట్టు తిరగకుండా లాకు వాషరు చెవి కూడా దాని మీదికి మడిచావు. ఇప్పుడు చూడు."

వాషరు చెవి చదునుగా పడుకుని ఉంది. కుదుపులకు నట్టు వదులు కావచ్చు. మడిచిన రేకు దానంతటది వెనక్కి పడుకోదు.

"ఇది ఊడింది కాదు. ఎవరో విప్పారు," అంది చిన్న మేస్త్రీ.

బండిని తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చేసరికి కబురు ముందే చేరిపోయింది. పెద్ద మేస్త్రీ, అంటే ఆమె తండ్రి, గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పక్కన బండి యజమానురాలు, మొక్కల నర్సరీ ఆవిడ. పాత చిన్న ఇంజన్ కుండీల బరువుతో కొండ ఎక్కలేక చతికిలబడుతోందనే ఆవిడ ఈ మార్పిడి చేయించుకుంటోంది.

"గేట్లు అతికేవాణ్ణి ఇంజన్ దగ్గరికి రానిస్తే ఇంతే!" పెద్ద మేస్త్రీ గొంతు రేకుల కప్పు అదిరేలా లేచింది. "ఆ నట్టు వదులుగా వదిలేసిన చెయ్యి ఎవరిదైనా సరే, ఈ రోజే షెడ్డు దాటాలి. అల్లుడని చూసేది లేదు."

వెల్డరు చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టాడు. ఇలాంటి మచ్చతో బయటికి పోయినవాణ్ణి ఇంకే షెడ్డూ రానివ్వదని అతనికి తెలుసు. చిన్న మేస్త్రీకి ఇంకా బాగా తెలుసు. అతని వెంట వెళ్లాల్సింది ఆమె చెల్లెలే.

"తొడుగులు వేసుకో. పని అవలేదు," అంది. "నీ స్పానరు తీసుకుని ఆ నట్టు బిగించు."

వెల్డరు వంగి ప్రయత్నించాడు. స్పానరు సైలెన్సరు గొట్టానికి తగిలి ఆగిపోయింది. ఆమె తనది తీసి పెట్టి చూసింది. అదీ అంతే. పాత ఇంజన్ పక్కన మోచెయ్యి దాకా దూరేది. ఈ పెద్దదాని పక్కన వేలు కూడా పట్టదు.

"నిన్న మరిది నట్టు బిగించాడు. ఆ వెంటనే, నేను కదలకుండా, గొట్టం బిగించేశాను. దాన్ని మళ్లీ ఎవరూ తియ్యలేదు. అంటే ఈ నట్టు విప్పినవాళ్లు గొట్టం ఉండగానే విప్పారు. మా స్పానర్లేవీ అక్కడికి చేరవు." ఆమె చెయ్యి చాచింది. "నాన్నా, నీ వంకర స్పానరు ఇలా ఇవ్వు."

కమాను పట్టీ ముక్కను కాల్చి, వంచి, ఆయన స్వయంగా చేసుకున్న స్పానరది. పడుకున్నా వెనక జేబులోనే ఉంటుంది. కన్నకూతురికీ అరువివ్వడు.

"ఎందుకే?"

"ఇవ్వు నాన్నా."

స్పానరు గొట్టం చుట్టూ తిరిగి, తాళంలో చెవిలా నట్టు మీద కూర్చుంది.

పెద్ద మేస్త్రీ బానెట్ కిందికి వంగి చూశాడు.

"కొత్త ఇంజన్ తన చోటు తను వెతుక్కోవాలే పిల్లా," పెద్ద మేస్త్రీ గొంతు తగ్గింది. "వాషరు చెవి పడుకోబెట్టి, నట్టు కాస్త వదులు చేసి, స్టార్ట్ చేసి, పది నిమిషాలు ఆడనివ్వాలి. తర్వాత బిగించాలి. నలభై ఏళ్లుగా నా పద్ధతి అదే."

"పొద్దున మొదటి స్టార్టు నువ్వే ఇచ్చావు. ఆడనిచ్చావు. తర్వాత బిగించావా?"

ఆయన నర్సరీ ఆవిడ వైపు చూశాడు. "ఈవిడొచ్చి పిలిచింది…"

"బండెప్పుడిస్తారని అడిగాను, అంతే! నా మీదికి తోస్తారేంటండీ?" ఆవిడ కస్సుమంది. "ఇంతకీ నా బండిని బస్సు మీదికి తోలిన మహానుభావుడెవరో చెప్తారా లేదా?"

వెల్డరు దగ్గరికొచ్చి గొణిగాడు. "పోనీలే వదినా. పెద్దాయన. నా మీదే ఉండనీ."

"ఉండనివ్వను."

చిన్న మేస్త్రీ స్పానరు తుడిచి తండ్రి చేతిలో పెట్టింది. షెడ్డు మధ్యకు నడిచి, పక్క కొట్టులో లేతు మిషను నడిపేవాడికి కూడా వినపడేలా గొంతెత్తింది.

"నట్టు విప్పిందీ, బిగించడం మరిచిందీ మా నాన్న. పెద్ద మేస్త్రీ!"