నాకూ ఒక పెండ్లి పత్రిక

మూడు వందల పెండ్లి పత్రికలు, ఒక్కోదానికి నాలుగు మూలలు. మూలమూలకూ పసుపు పెట్టే పని నాది. ఉంగరపు వేలు పసుపులో ముంచి, అచ్చు చెరగకుండా అద్దాలి. ఎక్కువైతే మరక పడుతుంది, తక్కువైతే మా అత్త బుచ్చవ్వ కంట్లో పడుతుంది. నడుము పట్టేసి ఒక్కసారి గోడకు ఆనుకున్నానో లేదో, "మూలకు వేలు పెట్టుడు గూడ బరువైందా?" అన్నది. తెల్లవారుజామునే లేచి నూలు కండెలు చుట్టి, ఇంటిల్లిపాదికీ వండి వడ్డించి, అప్పుడు కూర్చున్నానని ఆమెకు తెలియక కాదు.

మాది సిరిసిల్ల. నా భర్త దశరథానికి నాలుగు మరమగ్గాలు, ఇద్దరు పెండ్లాలు. నాకు ఒక్క ఆడపిల్ల పుట్టి ఆగిపోయిందని, మగపిల్లవాడి కోసం చంద్రవ్వను తెచ్చుకున్నాడు. ఆమె ఈ గడప తొక్కేనాటికి నా రాజేశ్వరికి ఆరేళ్ళు. ఇప్పుడు పద్దెనిమిది. కరీంనగర్ కలెక్టరు కచేరీలో పనిచేసే ఒక పెద్దమనిషి కొడుకుతో సంబంధం కుదిరింది. పత్రికలు కూడా కరీంనగర్‌లోనే అచ్చయి, పొద్దుటి బస్సులో వచ్చాయి.

నాకు చదువు రాదని ఇంట్లో అందరి నమ్మకం. రాజి మూడో తరగతిలో ఉన్నప్పుడు, దాని పలక పక్కన పెట్టుకుని, కండెలు చుడుతూనే అక్షరాలు కూడబలుక్కున్నాను. ఆ సంగతి దానికొక్కదానికే తెలుసు. ఇరవయ్యో కార్డో, ముప్పయ్యో కార్డో, పసుపు ఆరాలని ఊదబోతూ చదివాను. 'శ్రీమతి చంద్రవ్వ, దశరథం దంపతుల ఏకైక పుత్రిక చి.ల.సౌ. రాజేశ్వరి.' తప్పు చదివానేమోనని మళ్ళీ చదివాను. ఇంకో కార్డు తీశాను. అందులోనూ అంతే. మూడు వందల కార్డుల మీద అచ్చు వేయించేటప్పుడు మనిషి తెలిసే వేయిస్తాడు.

నేను నా బిడ్డను కన్ననాడు చంద్రవ్వ వాళ్ళ ఊళ్ళో గచ్చకాయలాడుకుంటూ ఉండి ఉంటుంది. పెండ్లిచూపులనాడు నన్ను వంటింట్లోంచి బయటికి రావద్దన్నారు. పొయ్యి దగ్గర ఒక మనిషి ఉండాలి గదా అనుకుని, చెమటలు కక్కుతూ గారెలు వేశాను. ముందింట్లో చంద్రవ్వ నా బిడ్డ తల్లిగా కూర్చుని, నేను వేసిన గారెలే వాళ్ళకు కొసరి కొసరి పెట్టిందన్నమాట. ఎంత పిచ్చిదాన్ని! గారెలు మెచ్చుకున్నారని ఆ రోజంతా సంబరపడ్డాను కూడా.

పక్కనే రవికె కుట్టుకుంటున్న రాజి ముందుకు కార్డు జరిపాను. దాని మొహం పాలిపోయింది.

"బాపు ముందుగాలనే చెప్పిండవ్వా," అంది తల ఎత్తకుండా. "ఇద్దరు పెండ్లాలున్న ఇల్లంటే వాళ్ళొద్దంటరట. నువ్వు జర ఊకో."

అంటే అందరికీ తెలుసు. నాకే తెలియదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మొగుడి మీద మంట పాతదే, దానితో సంసారం చేయడం అలవాటైంది. బిడ్డ మీద మంట ఆ రోజే పుట్టింది. అదే ఎక్కువ కాల్చింది.

మధ్యాహ్నం అన్నం తిని దశరథం కార్డుల ముందు కూర్చున్నాడు. కరీంనగర్ వాళ్ళకు ఒక కట్ట, సావుకార్లకు ఒక కట్ట, మా వాడకు ఒక కట్ట. ఏవి టపాలో వేయాలో, ఏవి చేతికివ్వాలో మా అత్త చెబుతోంది. మధ్యలో ఒక కార్డు తీసి నా ఒళ్ళో పడేశాడు.

"ఇగో, ఇది నీది."

"నాకెందుకు?"

"ఉండనీ. పెండ్లిల నువ్వు చుట్టాలల్ల కూసో. ఎవలన్న అడిగితే పిల్లకు పెద్దమ్మనని చెప్పు. కన్నెధార పోసేకాడ చంద్రవ్వ కూసుంటది. దాని మొఖం కళగుంటది, నలుగుట్ల మాట్లాడొస్తది. నీకేమొస్తది?"

నాకు ఏం వచ్చో చెప్పేలోపే మా అత్త అందుకుంది. "రేపటి సంది వాడంత తిరిగి బొట్టు పెట్టి పిలువాలె. ఉత్త కార్డిస్తే సాలదు, బొట్టు పెట్టంది మనోళ్ళెవలు గడప దిగరు. గీ ఎండల చంద్రవ్వకు కాళ్ళు కాలుతయి. నువ్వే పోవాలె."

"ఏమని పిలువాలె అత్తా?"

"ఏమనేందే! మా ఇంట్ల పెండ్లి, రాండ్రి అను."

"ఎవల బిడ్డ పెండ్లని?"

తలుపు వెనుక నిలబడ్డ చంద్రవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. దశరథం మాత్రం నవ్వాడు. "కార్డు ఇచ్చిన గద, ఇంకేం పరేషాన్ నీకు? మర్యాద తక్కువ చేసిన్నా?"

నిజమే, మర్యాదే చేశాడు. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో జీతం లేని మనిషిని. ఇవాళ పిలిచిన చుట్టాన్ని చేశాడు. చుట్టం పసుపు దంచదు. చుట్టం నలభై మందికి గంజి వార్చదు, ఎండలో వాడంతా తిరగదు. చుట్టం పెండ్లినాటికి వస్తుంది, అదీ పిలిచిన తీరు నచ్చితేనే. ఇంత చిన్న సంగతి నాకు తట్టడానికి అతనే కార్డు ఇవ్వాల్సి వచ్చింది.

లేచి చేతులు కడుక్కున్నాను. రెండు చీరలు మూట కట్టుకుని, నా కార్డు రొంటిన దోపుకున్నాను. రాజి పరుగున వచ్చి గుమ్మంలో నా చేయి పట్టుకుంది.

"యాడికవ్వా? ఇంక తొమ్మిది దినాలే ఉన్నది!"

నా కాళ్ళు ఆగిపోయాయి. దాని పెండ్లి కళ్ళారా చూడనేమో. ఉండిపోదామనే అనిపించింది. అయినా దాని వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకున్నాను.

"ఏములాడకు, మీ ముత్యం మామ ఇంటికి," అని దానికి చెప్పి, వేములవాడ బస్సు వేళ దాటకముందే దశరథం వైపు తిరిగాను.

"కార్డు ముట్టింది. బొట్టింక పెట్టలే. మీ అవ్వనే చెప్పె గద, బొట్టు పెట్టంది ఎవలు గడప దిగరని. మా తమ్ముని ఇంటికాడ కూసుంట, చంద్రవ్వను పంపు. నా మొఖాన బొట్టు పెట్టి, నా కండ్లల్ల సూసి, 'అక్కా, నా బిడ్డ పెండ్లి, రా' అని పిలువమను. ఆ మాట దాని నోట్లకెళ్ళి వస్తే, అప్పుడు నేను పెద్దమ్మనే."