కారం మిల్లులో కేక

"ఇంకొంచెం కాగాలే. ఇవి గొంతుకు పనికొచ్చే నీళ్లా, స్నానానికి తోడిన నీళ్లా?" అన్నాడు అంకమ్మరావు, గ్లాసు గట్టు మీద పెట్టేసి.

పొద్దుటినుంచి ఇది మూడోసారి. భార్య లక్ష్మీదుర్గ నీళ్లు మళ్లీ పొయ్యి మీద పెట్టింది. ఉప్పు, పసుపు వేసి ఫ్లాస్కులో పోసి ఇచ్చింది. ఆదివారం గుంటూరులో, బ్రాడీపేట హాల్లో, ఆయన కాలేజీ రోజుల రాక్ బ్యాండు ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ పాడబోతోంది. అయిదుగురు మగవాళ్లు, అందరూ అరవైకి అటూ ఇటూ. అందుకని అద్దంకిలో ఈ ఇంట్లో వారం రోజులుగా పొయ్యి మీంచి నీళ్లు దిగడం లేదు. ఆయన పెరట్లోకి వెళ్లి పుక్కిలించి పాట అందుకున్నాడు. మొదట్లో బాగానే నడిచింది. చివర కేక దగ్గరికి వచ్చేసరికి గొంతు జారి దగ్గులో పడింది.

ఆ కేక సంగతి చెప్పాలి. పాట చివర గిటార్లూ డ్రమ్ములూ ఒక్కసారిగా ఆగిపోతాయి. అప్పుడు గొంతొక్కటే నిలువునా పైకి లేచి అక్కడే చాలాసేపు నిలబడాలి. బ్యాండులో మగపిల్లలెవరికీ అది అందలేదు. ఆడవాళ్ల కాలేజీలో పాటల పోటీలన్నీ గెలిచే లక్ష్మీదుర్గను పట్టుకొచ్చారు. తీరా వచ్చాక, ఆడపిల్ల స్టేజీ మీద అంత నోరు తెరిస్తే ఏం బాగుంటుందని తెర వెనక నిలబెట్టారు. ముందు అంకమ్మరావు నోరు తెరిచేవాడు, వెనక ఆమె పాడేది. ఆయనకు కేకల అంకమ్మరావు అని పేరొచ్చింది. రెండేళ్లకు ఆయనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు, పేరు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు. కాపురానికి వచ్చిన వారంలోనే అత్తగారు పిచ్చమ్మ ఇంకో మాట చేర్చింది: "మా ఇంట్లో ఆడవాళ్ల గొంతు వంటింటి గడప దాటదమ్మాయ్."

మధ్యాహ్నం అన్నంలో మజ్జిగ పోయించుకుంటూ అంకమ్మరావు అసలు విషయం బయటపెట్టాడు.

"ఒక పని చెయ్యి దుర్గా. ఎప్పట్లాగే నువ్వు ఎనకాల నిలబడి ఆ కేక ఒక్కటి అందుకో. స్టేజీకి తెర కట్టమని ఫోన్ చేసి చెప్పాను. నీ గొంతుకేం, కొత్తదాన్లా ఉంటది. ఇన్నేళ్లూ వాడిందెక్కడ?"

ఆమె మజ్జిగ గిన్నె ఎత్తుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. గిన్నెలు తోముతున్నంతసేపూ ఆ చివరి మాటే చెవిలో తిరిగింది. వాడిందెక్కడ? ఆ మాటకు కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ కోపం వెనకే ఒక వింత సందేహం తోసుకొచ్చింది. నిజమే, ముప్పై ఎనిమిదేళ్లు నోరు కట్టేసుకుని ఉంటే గొంతు తుప్పు పట్టాలి కదా, పట్టలేదేం?

ఈ ఆరా ఆమెకు పది రోజుల కిందటే మొదలైంది. గుంటూరులో కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే కూతురు శ్రీరమ్య ఫోనులో ఒక వీడియో పంపింది. డెబ్భై దాటిన విదేశీ రాక్ గాయని. తెల్లజుట్టు, మెడ నిండా ముడతలు, నల్ల తోలు కోటు. పాడితే మాత్రం ఇరవైయేళ్ల పిల్ల. లక్ష్మీదుర్గ వెనక్కి జరిపి జరిపి పదకొండుసార్లు చూసింది. ఈ వయసులో మోకాళ్లే మాట వినవు, గొంతు ఎలా వింటోంది? అదే కూతురిని అడిగింది.

"రోజూ గంటసేపు పూర్తి గొంతుతో సాధన చేస్తదంటమ్మా. గుండెల నిండా గాలి పీల్చి, నిలిపి, కొంచెం కొంచెంగా వదలడం. మిగతా టైమంతా ఎవరితోనూ మాట్లాడదంట."

లక్ష్మీదుర్గకు నవ్వొచ్చింది. మిగతా టైమంతా మౌనమంటే, పాపం ఆవిడ కష్టపడి సంపాదించుకుని ఉంటుంది. తనకు అత్తగారు ఉచితంగా ఇచ్చింది. మరి ఆ మొదటి గంట?

ఆ గంట ఇంటిని ఆనుకుని ఉన్న తమ కారం మిల్లులో ఉంది. మిరప కోతలయ్యాక ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే జనం బారులు తీరుతారు. తొడిమలు తీసి ఎండబెట్టిన కాయల డబ్బాలు వరసలో పెట్టి, ఘాటుకు తట్టుకోలేక రోడ్డుకు అవతల నిలబడతారు. లోపల ఆమె ఒక్కతే. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, గుమ్మం దగ్గర గుండెల నిండా గాలి పీల్చుకుని, లోపలికి వెళ్లి కాయలు పోస్తుంది. మోటారు హోరులో ఎవరికీ ఏమీ వినపడదు. అందుకే పాడుతుంది. ఒక గుక్కలో ఒక చరణం, మళ్లీ గుమ్మం దగ్గరికి, మళ్లీ గాలి. మోటారును దాటి తన గొంతు తనకే వినపడాలంటే ఎంత ఎత్తుకు లేపాలో అంతకూ లేపేది. పదిహేను గుర్రాల మోటారుతో ముప్పై ఏళ్లు పోటీ పడి పాడిన మనిషిని పట్టుకుని, వాడిందెక్కడ అంటాడు!

పోయిన మంగళవారం ఆ కేక మధ్యలో ఉండగా కరెంటు పోయింది. మోటారు ఆగింది. గొంతు ఆగలేదు. వీధి వీధంతా విన్నది. కారం పట్టించుకోవడానికి వచ్చిన కరీమున్ రోడ్డు అవతల నుంచి ముక్కు మూసుకుని పరుగెత్తుకొచ్చింది, ఆమె వెనక మరో నలుగురు.

"యా అల్లా! చెయ్యి పడిందా మిల్లులో? ఏదీ, చూపించక్కా!"

లక్ష్మీదుర్గ రెండు చేతులూ చూపించింది. కాలి మీద డబ్బా పడిందని అబద్ధం చెప్పింది. ఆడమనిషి అంత గొంతెత్తితే చెయ్యి నలిగి ఉండాలి తప్ప ఇంకో కారణం ఎవరికీ తోచలేదు. ఆమెకూ ఆ పూట ఇంకో మాట తోచలేదు. రెండు రోజులుగా ఆ అబద్ధమే ముల్లులా గుచ్చుకుంటోంది.

సాయంత్రం నాలుగింటికి మిల్లు వేసింది. అది కరీమున్ కాయలే, కరెంటు పోయినరోజు సగంలో ఆగినవి. అంకమ్మరావు మెడకు మఫ్లరు చుట్టుకుని, చంకలో ఫ్లాస్కుతో రోడ్డు అవతల జనం మధ్య నిలబడ్డాడు.

"తెర దొరికిందంట!" అని సైగలు చేస్తూ అరిచాడు. "ఏమంటావ్? వాళ్లకి చెప్పాలి!"

మోటారు హోరులో అది సగమే వినపడింది. ఆమె చెయ్యెత్తి ఆగమంది. తొట్టిలో చివరి కాయ దిగేదాకా చూసింది. సగంలో ఆపితే మిల్లు బిగుసుకుపోతుంది, పని పనే. తర్వాత ముక్కుకు కట్టిన గుడ్డ విప్పింది. గుమ్మంలోకి వచ్చి గాలి నింపుకుంది. చెయ్యి చాచి, తనే స్విచ్చి కట్టేసింది.

వీధి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో లక్ష్మీదుర్గ కేక అందుకుంది. అది నిలువునా లేచింది, వణకలేదు, నిలబడింది. ఆమెకు భయం వేసింది, అయినా ఊపిరి ఉన్నంతవరకూ వదల్లేదు. అంకమ్మరావు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అలవాటైన నోరే, కాకపోతే ఈసారి ఆ కేక ఆయనదని అనుకోవడానికి మధ్యలో తెర లేదు.

కరీమున్ అప్పటికే సగం రోడ్డు దాటింది. "అక్కా! మళ్లీ చెయ్యేనా?"

"చెయ్యి బాగానే ఉంది కరీమున్. పాడాను," అంది లక్ష్మీదుర్గ. "మంగళవారం కూడా పాడాను. డబ్బా ఏమీ పడలేదు."

అంకమ్మరావు గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించాడు. "ఇదేంటి దుర్గా, నడివీధిలో... వాళ్లకేం చెప్పను? తెర..."

ఆమె మళ్లీ తడిగుడ్డ కట్టుకుంటూ ఆయన చంకలోని ఫ్లాస్కు వైపు చూసింది.

"తెర వద్దని చెప్పండి. మైకు దగ్గర నేను నిలబడతాను. ఆదివారం ఆ ఫ్లాస్కు మాత్రం మర్చిపోకండి, నీళ్లు బాగా కాచి పొయ్యండి. అవి నాకు కావాలి."