వగణం మింగేసిన లూసీ

మా మరదలు లూసీ అమెరికా నేవీలో చేరి, బూట్ క్యాంపు అనే తొలి శిక్షణ ముగించుకున్న రోజున ఇక గండం గడిచిందని మా ఇంట్లో పాయసం వండుకున్నాం. గండం అప్పుడే చెప్పులేసుకుని మా గుమ్మంలోకి బయల్దేరిందని మాకేం తెలుసు.

అది ఎనభై నాలుగో సంవత్సరం. మేముండేది ఫ్లారిడాలో, ఓర్లాండో ఊరి చివర. నేను నారింజ రసం తీసే ఫ్యాక్టరీలో పులుపెంతో తీపెంతో చూసే కెమిస్టుని. మా ఆవిడ వసంతకుమారి ఆస్పత్రిలో నర్సు. లూసీ బూట్ క్యాంపు చేసిందీ, ఆ తర్వాత సిగ్నల్ స్కూల్లో చేరిందీ మా ఇంటికి దగ్గర్లోనే. అంచేత శనివారం వచ్చిందంటే లిబర్టీ, అంటే నేవీ వాళ్ల సెలవు, అని చెప్పి మా ఇంట్లో దిగేది. దిగీ దిగగానే గోంగూర పచ్చడితో కుంభాలకు కుంభాలు లాగించేది. ఆ తర్వాత లేచి ఇంటిమీద పడేది. మంచాల దుప్పట్లు డప్పు తోలులా బిగించేసేది. నా లుంగీలన్నీ ఇటుకల్లాగా చదరంగా మడిచి బీరువాలో పేర్చేది. అలా మడిచిన లుంగీ విప్పి కట్టుకుంటే ఒంటిమీద గళ్లు పడి నేనే ఒక చదరంగం బల్లలా కనబడేవాణ్ణి. "నీ చెల్లెలు నేవీలో చేరిందా, నన్ను చేర్పించిందా" అని మా ఆవిడని అడిగితే, ఆవిడ మురిసిపోతూ ఇంకో గరిటె పచ్చడి చెల్లెలి కంచంలో వేసేది.

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. ఒక శనివారం లూసీ గోంగూర ముట్టలేదు. అప్పుడు తెలిసింది మాకు.

ఓడకీ ఓడకీ మధ్య రేడియో వాడకూడని వేళల్లో దీపంతో మాట్లాడుకుంటారట. పెద్ద దీపం ముందు తలుపు తెరిచి మూస్తూ ఒక పొట్టి మెరుపు, ఒక పొడుగు మెరుపు. వాటి వరసని బట్టి ఇంగ్లీషు అక్షరాలు. జెండాల పరీక్షలో, తాళ్ల ముడుల పరీక్షలో లూసీ క్లాసులో అందరికన్నా ముందుంది. దీపం చదివే పరీక్షలో మాత్రం రెండుసార్లు తప్పింది. మెరుపులు లెక్కపెట్టుకుని అది ఏ అక్షరమో పోల్చుకునేలోపు తర్వాతి అక్షరం వచ్చి వెళ్లిపోతోంది. మూడోసారి తప్పితే స్కూల్లోంచి తీసేసి, ఏదో ఒక ఓడ డెక్కు మీద తుప్పు గీకి రంగులేసే పనిలో పడేస్తారు. పరీక్ష వచ్చే వారం కాక పై శుక్రవారం.

"రంగులేసుకోవడానికైతే మన ఊళ్లో చర్చి గోడ ఉంది కదా బావా" అంది. నవ్వబోయి, గోంగూర గిన్నె అవతలికి తోసేసింది.

సరే, మేం రంగంలోకి దిగాం. ఆ రోజు సాయంత్రం మసకబడుతుండగా లూసీ మా ఇంటి ముందు దారి చివర కుర్చీ వేసుకుని కూచుంది. నేను కారులో కూచుని, ఒళ్లో అక్షరాల పుస్తకం పెట్టుకుని, హెడ్‌లైట్ల మీట లాగుతూ నొక్కుతూ మెరుపులు కొట్టడం మొదలెట్టాను. పక్కింటి హోబర్ట్ అనే ముసలాయన కాసేపు కిటికీలోంచి చూసి, మా కారు బ్యాటరీ చచ్చిపోయిందనుకుని, తన కారునుంచి కరెంటు ఎక్కించే తీగలు భుజాన వేసుకుని వచ్చేశాడు. కారు బాగానే ఉందని చెప్పి పంపాను. నమ్మలేదు. మర్నాడు ఆయన భార్య, ఏ కష్టంలో ఉన్నారో పాపం అని, చీజు వేసి కాల్చిన మాకరోనీ పళ్లెం తెచ్చి ఇచ్చింది.

ఇదంతా వరండాలో కూచుని మా మావయ్యగారు చూస్తున్నారు. ఆయన పేరు ఏసుపాదంగారు. గోదావరి జిల్లాలో ఒక మిషన్ హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. అత్తగారు పోయాక మా ఆవిడ ఆయన్నీ లూసీనీ ఇక్కడికి తెచ్చుకుంది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ వేలమంది పిల్లలకి ఛందస్సు చెప్పి, ఆ పిల్లలందరి తిట్లూ తిన్న మనిషి. ఇక్కడ ఆ తిట్టేవాళ్లు కూడా లేరు. దాంతో కనబడ్డదానికల్లా గురులఘువులు వేసుకుంటూ రోజులు గడిపేవారు. ఫ్లారిడా రగణమట, ఓర్లాండో మగణమట. మా ఆవిడ వసంత జగణం. నా పేరు ప్రేమానందం కదా, నాలుగూ గురువులే, అందుకే నువ్వు కుర్చీలోంచి కదలవు అల్లుడూ అనేవారు.

లూసీ నేవీలో చేరడం ఆయనకి ఇష్టమో కాదో ఎవరికీ చెప్పలేదు. కూతురు యూనిఫారంలో వస్తే మాత్రం లేచి నిలబడేవారు. అది మర్యాదో, వెళ్లిపోవడానికో తెలిసేది కాదు.

నేను ఒక అక్షరం కొట్టాను. పొట్టి, పొడుగు, పొట్టి. లూసీ వేళ్లు ముడుస్తూ లెక్కపెడుతోంది.

"జగణం" అన్నారు మావయ్యగారు వరండాలోంచి, కాఫీ గ్లాసు దించకుండానే.

నేను ఇంకోటి కొట్టాను. ఒక పొడుగు, రెండు పొట్టి.

"భగణం."

లూసీ లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది. మూడు పొడుగులు కొట్టమంది నన్ను. కొట్టాను. తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకేసారి మగణం అన్నారు. మూడు పొట్టివి కొట్టాను. నగణం. పొట్టి మెరుపు లఘువు, పొడుగు మెరుపు గురువు. పుస్తకంలో చూస్తే మూడు మెరుపుల అక్షరాలు సరిగ్గా ఎన్ని ఉన్నాయో మన గణాలూ అన్నే ఉన్నాయి. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. చిన్నప్పుడు బెత్తం చూపించి యమాతారాజభానసలగం చెప్పించారు కదా, అది ఈ పిల్ల ఎముకల్లో ఎక్కడో ఉండిపోయింది. లెక్కపెట్టక్కర్లేదు. మెరుపు కంట్లో పడగానే గణం నోట్లోకి వస్తోంది.

"మరి నాలుగు మెరుపులవి ఎలా నాన్నా?"

"ఇంద్రగణాలు ఎందుకున్నాయే? నల, నగ, సల. మిగిలినవాటికి చివర లఘువో గురువో తగిలించు. ఇదే ఉత్పలమాల దగ్గర చెబితే విన్నావు కావు."

ఆ ఉత్పలమాల సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. భ ర న భ భ ర వ. లూసీ ఎప్పుడు చెప్పినా చివరి వగణం మింగేసేది. తొమ్మిదో తరగతి పరీక్షలో కూడా మింగేసింది. పేపరు దిద్దింది కన్నతండ్రి. సున్నా వేశారు. అప్పట్నుంచీ తండ్రి దగ్గర తెలుగు పుస్తకం విప్పలేదు ఆ పిల్ల.

ఆ ఆదివారం మా ఇల్లు ఇల్లులా లేదు. మావయ్యగారు చేతికర్ర మూల పడేసి టార్చిలైటు పట్టుకుని గది గదికీ తిరిగారు. మా ఆవిడ దోసెలు పోస్తూ అట్లకాడతో పెనం అంచుమీద జగణం కొడితే, చెల్లెలు స్నానాలగదిలోంచి జవాబు చెప్పేది. ఇంట్లో పెట్టుకున్న ప్రార్థనలో మా ఆవిడ కళ్లు మూసుకుని, నీళ్లమీద నడిచిన ప్రభువా, మా చెల్లిని ఆ లైటు గండం కూడా దాటించు తండ్రీ అని ఎలుగెత్తితే, ఆమెన్ అనాల్సిన చోట మావయ్యగారు గగ అన్నారు. చక్కిలిగింతలు పెట్టినట్టు అందరం నవ్వాం. దేవుడు కూడా నవ్వే ఉంటాడు. సోమవారం పొద్దున్నే లూసీ ఈల వేసుకుంటూ స్కూలుకి వెళ్లింది.

మంగళవారం ఫోను చేసి ఏడ్చింది.

అక్కడి పద్ధతి ఏమిటంటే, ఒకళ్లు దీపం మీదనుంచి చూపు తిప్పకుండా అక్షరాలు చదివి పైకి చెప్పాలి, పక్కన జతగత్తె రాసుకోవాలి. లూసీ ఒక్క మెరుపు కూడా వదలకుండా చదివింది. భ, న, యల, వ, త అని గడగడా పైకి చదివేసింది. జతగత్తె డార్లీన్ పెన్సిలు గాల్లో పెట్టుకుని నోరు తెరిచి చూసింది. కాగితం తెల్లగా ఉంది. నేర్పే చీఫ్ వచ్చి, నువ్వు ఏ దేశపు నేవీలో ఉన్నావమ్మా అని అడిగాడట.

"ఇంగ్లీషులో చెప్పరాదా" అన్నాను.

"ఇంగ్లీషులోకి మార్చేలోపు రెండక్షరాలు పోతున్నాయి బావా. నోట్లోకి గణమే వస్తోంది. ఉన్న రోగం పోయి కొత్త రోగం పట్టుకుంది."

నేను ఊళ్లో పుట్టినవాణ్ణి. ఒక ఎద్దు తిరగనంటే రెండో ఎద్దుని తిప్పి అరక మళ్లించడం చూశాను. ఆ డార్లీన్‌ని శనివారం మన ఇంటికి తీసుకురా అన్నాను. పరీక్షలో గణాల్లో చెప్పొచ్చా అని ముందు చీఫ్‌ని అడగమన్నాను. ఆయన గడ్డం గోక్కుని, ఓడ ఎక్కేలోపు మాత్రం ఇంగ్లీషులో చెప్పడం అలవాటు చేసుకోవాలి, పరీక్షకి మాత్రం నువ్వు కోడిలా కూసినా సరే, కాగితం మీద తప్పు లేకుండా ఇంగ్లీషు ఉంటే చాలు అన్నాడట.

డార్లీన్ అలబామాలో పశువులున్న ఇంటి పిల్ల. వచ్చిన పావుగంటకే నాకూ ఆమెకీ చూడి ఆవుల గురించి మాటలు కలిశాయి. మావయ్యగారికి ఇంగ్లీషు రాక కాదు, పాఠం చెప్పేటప్పుడు తెలుగే వస్తుంది. ఆమెకి తెలుగు రాదు. ఆయన చప్పట్లు కొట్టి భ అంటారు, ఆమె బా అని, డి అని రాస్తుంది. తప్పు రాస్తే ఆయన బెత్తం కోసం చుట్టూ వెతుక్కుంటారు. చర్చిలో పాటలు పాడే పిల్ల కాబట్టి దరువు ఇట్టే పట్టేసింది. మధ్యాహ్నానికి పప్పుచారు అన్నం చేత్తో కలుపుకుంటూ, లూసీ ఏది చెబితే దాన్ని బల్లమీద వేలితో రాసి చూపించేసింది. సాయంత్రం వెళ్లేటప్పుడు మావయ్యగార్ని నాన్నగారూ అంది. ఆయన ముఖం చూడాలి. మిషన్ హైస్కూల్లో సర్వీసంతా చేసి సంపాదించుకోలేని శిష్యురాలు అలబామానుంచి వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం పరీక్ష. ఫలితం రాగానే స్కూల్లో దీపాలు సాధన చేసే బురుజు మీదనుంచి దీపంతో చెబుతానని, చీఫ్ ఒప్పుకున్నాడని లూసీ ముందే కబురు పెట్టింది. స్కూలున్న నేవీ బేస్ పక్కన సరస్సు ఉంది, అవతలి ఒడ్డున మామూలు రోడ్డు. అక్కడ కారు ఆపుకుని కూచున్నాం. మా ఆవిడ డ్యూటీ నుంచి నర్సు బట్టల్లోనే వచ్చింది. హోబర్ట్ కూడా మడత కుర్చీతో తయారయ్యాడు. ఆయన భుజాన ఆ తీగలు ఉండనే ఉన్నాయి.

ఇంగ్లీషులో పాసు అంటే మొదటి అక్షరం యల. ఫెయిలు అంటే సల. రెంటికీ మొదటి మెరుపు పొట్టిదే. రెండోది పొడుగైతే బతికినట్టు, పొట్టిదైతే డెక్కు మీద తుప్పు.

ఎండ వాలింది. బురుజు మీద తెల్ల టోపీలు కదిలాయి. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగాయి. దీపం ఒక్కసారి పొట్టిగా మెరిసింది.

ఆ తర్వాత పొడుగ్గా, అలా పొడుగ్గా, ఆరదేమో అన్నంత పొడుగ్గా వెలిగింది.

"యల" అన్నారు మావయ్యగారు. "వ. న. న."

పి, ఏ, ఎస్, ఎస్ అని నేను చెప్పేలోపే మా ఆవిడ హోబర్ట్‌ని కావలించుకుంది. అంత పెద్దమనిషి కుర్చీతో సహా వెనక్కి ఒరిగాడు. మావయ్యగారు మాత్రం చెయ్యెత్తి మమ్మల్ని ఊరుకోమన్నారు. దీపం ఇంకా ఆగలేదు.

"భ" అన్నారు. "ర. న. భ."

నేను అక్షరాలు కూడబలుక్కుని చూశాను. ఇంగ్లీషులో అది ఏ మాటా కాదు. బురుజు మీద లూసీ పక్కనున్న చీఫ్‌కి కూడా బొత్తిగా అర్థమై ఉండదు.

"భ. ర."

దీపం ఆగిపోయింది. సరస్సు మీద బాతు ఒకటి అరిచింది. మావయ్యగారు ఒడ్డు అంచుదాకా వెళ్లిపోయారు. బూట్లలోకి నీళ్లొస్తున్నాయని కూడా చూసుకోవడం లేదు.

"ఇంకోటుంది తల్లీ. ఇంకోటుంది. మింగకు."

పొట్టి. పొడుగు.

"వ" అన్నారు ఆయన. తర్వాత కండువాతో కళ్లజోడు తుడుచుకుని, నూటికి నూరు అని, గిరుక్కున తిరిగి వచ్చి నా చేతిలోంచి కారు తాళం లాక్కున్నారు. జన్మలో డ్రైవరు సీట్లో కూచోని మనిషి అందులో ఎక్కి, హెడ్‌లైట్ల మీట ఏది అల్లుడూ అని అడిగి, బురుజుకేసి చంపకమాల కొట్టడం మొదలెట్టారు. ఒక పాదమైంది. రెండో పాదమైంది. అవతల తెల్ల టోపీలు గాల్లోకి ఎగిరాయి. మూడో పాదం మధ్యలో లైట్లు ఎర్రబడి, మినుకుమని, ఆరిపోయాయి. తాళం తిప్పితే కారు మూలిగి ఊరుకుంది.

హోబర్ట్ లేచాడు. ఇన్నాళ్లూ తన మాట నమ్మని మాకేసి ఒక్కసారి కలియజూసి, భుజాన ఉన్న తీగలు దించి, పెళ్లికొడుకులా నడుస్తూ కారు ముందుకి వచ్చాడు.