మనం అనే మాట

"మనం ఇవాళ నీలం చొక్కా వేసుకుందామా?" అని భర్త అడిగాడంటే ఇస్త్రీపెట్టె వేడిచెయ్యమని అర్థం. ఆమె చేసింది. ఆసుపత్రిలో చూపించుకోవాల్సింది ఆమె తల. నలగకూడనిది మాత్రం ఆయన చొక్కా.

ఆ ఇంట్లో 'మనం' చిత్రమైన మాట. గిన్నెలు తోముదాం, మామయ్యగారికి మందులిద్దాం అన్నప్పుడు ఆ మనం ఆమె ఒక్కతే. ఇల్లు మారుదాం, ఇక పిల్లలు చాలు అన్నప్పుడు ఆయన ఒక్కడే. అలాగని ఆయన్ని చెడ్డవాడనడానికి ఆమెకి నోరు రాదు. ఆమె పనిచేసే పార్లర్లో ఎవరికో జుట్టు కత్తిరిస్తుండగా కుడిచేతిలోంచి కత్తెర జారి, మాట ముద్దగా వచ్చిన రోజున, ఆయన చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. దుమ్ముకొట్టుకుపోయిన ఆ పాదాలు తలుచుకుంటే రాబోయే కోపం కూడా ఆగిపోతుంది. అదే వచ్చిన చిక్కు.

డాక్టరమ్మ స్కాన్ బొమ్మ చూపించింది. మెదడు లోతుల్లో రక్తనాళాలు పుట్టుకతోనే ఉండలా చిక్కుపడ్డాయట. ఒకసారి రక్తం కారింది, మళ్ళీ కారవచ్చు.

"ఆపరేషన్ చేసి తీసెయ్యొచ్చు. కానీ బాగా లోతు, కుడిచెయ్యి పడిపోయే ప్రమాదం ఎక్కువ. కొయ్యకుండా రేడియేషన్ ఇవ్వొచ్చు. ఆ ఉండ పూర్తిగా మూసుకోడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, అప్పటిదాకా రక్తం కారే భయం ఉంటూనే ఉంటుంది. లేదా ఏమీ చెయ్యకుండా, అప్పుడప్పుడూ స్కాన్ తీసుకుంటూ కనిపెట్టుకుని ఉండొచ్చు."

"కొరివితో తల గోక్కోవడం ఎందుకే?" అని అత్తగారు పొద్దున్నే అనేసింది. కొరివి ఇప్పటికే లోపలుంది అత్తయ్యా అనబోయి, ఆమె నీలం చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కింది.

"మనం ఏమీ చేయించుకోం డాక్టర్," అన్నాడు భర్త. "ఇప్పుడు మనకి బాగానే ఉంది. లేనిపోనివి ఎందుకు?" చివరి మాట దగ్గర స్కాన్ బొమ్మ మీంచి చూపు తిప్పేసుకున్నాడు.

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "మీరేమంటారమ్మా?"

ఆ 'మీరు' తనొక్కతేనని తెలియడానికి ఆమెకి కాసేపు పట్టింది. పెళ్ళయినప్పటినుంచీ ఎవరేమడిగినా "ఆయన్నడిగి చెప్తాను" అనడమే అలవాటు. ఇప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు, అడగాలనిపించలేదు. తన మెదడు, తన చెయ్యి, తన కత్తెర. వీటిని ఇంకెవరి భయానికో వదిలెయ్యడం ఆమెకి ఇష్టంలేదు. ఆ భయం ప్రేమే అయినా సరే.

ఆమె కుడిచేత్తో భర్త చెయ్యి పట్టుకుంది. పట్టు ఇంకా బలహీనంగానే ఉంది.

"రేడియేషన్ నేను చేయించుకుంటానండీ," అంది డాక్టరమ్మతో. తర్వాత ఆయన వైపు తిరిగి మెల్లగా అంది: "భయపడ్డం మాత్రం మనం చేద్దాం."