థర్మాకోల్ కెమెరా

వీరయ్య ముప్పై అయిదేళ్లు సినిమా సెట్లు కట్టాడు. కోర్టులు, జైళ్లు, కోటలు, ఏది కట్టినా నెల నిలవలేదు. షూటింగ్ అయిపోగానే ఎవడో గునపం పట్టుకుని దిగేవాడు. మొదట్లో ప్రాణం ఉసూరుమనేది. తర్వాత అదీ మానేసింది.

అలాంటివాడి చేతి పని ఒకటి ఆరు నెలలుగా నిలబడి ఉంది. ఫిల్మ్ నగర్ నుంచి కిందికి దిగే మలుపులో, స్తంభానికి బిగించిన స్పీడ్ కెమెరా.

హైటెక్ సిటీలో కంపెనీలు పెరిగేకొద్దీ ఆ వాలులో క్యాబులు పెరిగాయి. డ్యూటీ టైముకు అందుకోవాలని డ్రైవర్లు ఒళ్లు తెలియకుండా నడిపేవాళ్లు. నిరుడు ఒక క్యాబు వీరయ్య భార్య రాజమ్మను గుద్ది, ఆగకుండా పోయింది. ఆమె రోడ్డవతల బంగళాలో వంట చేస్తుంది. తుంటి ఎముక అతుక్కుంది గానీ నడక మునుపటిలా లేదు. పని మానేస్తే ఇల్లు గడవదు. కుంటుతూనే రోజూ రెండుసార్లు ఆ రోడ్డు దాటేది.

మెయిన్ రోడ్డు మీద కెమెరా కనబడితే చాలు, ఎంత పొగరుబోతు బండైనా బుద్ధిగా నడుస్తుందని వీరయ్య కనిపెట్టాడు. మలుపులోనూ ఒకటి పెట్టమని మూడు అర్జీలిచ్చాడు. చూద్దామన్నారు. విసుగొచ్చి తనే చేసుకున్నాడు. థర్మాకోల్ డబ్బా, బూడిద రంగు, పాత టార్చిలైటు అద్దం, అంతే.

"అసలుదాని లెక్కనే ఉన్నదయ్యా," అంది రాజమ్మ. ఇన్నేళ్లలో అతని పనిని ఆమె మెచ్చుకోవడం అదే మొదలు.

ఆ రోజు నుంచి బండ్లు నెమ్మదించాయి.

మొన్నటి వానలకు డబ్బా మూల ఊడింది. పొద్దున్నే నిచ్చెన వేసుకుని వీరయ్య దాన్ని అతికిస్తుంటే కింద పోలీసు జీపు ఆగింది. ట్రాఫిక్ ఎస్సై త్రినాథరావు దిగాడు. వీరయ్య కిందికొచ్చి, అడగకముందే అంతా ఒప్పేసుకున్నాడు.

"నాకు ఎప్పుడో తెలుసయ్యా," అన్నాడు ఎస్సై. "తీగే లేని కెమెరా ఎక్కడైనా ఉంటుందా? ఆరు నెలలుగా ఇక్కడ ఒక్క యాక్సిడెంటూ లేదు. అందుకే చూడనట్టు ఊరుకున్నాను."

వీరయ్యకు ప్రాణం లేచొచ్చింది. "గట్లయితే అసలుది ఎప్పుడు పెడ్తరు సార్?"

ఎస్సై టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "అది చెబుదామనే ఆగాను. నీ అర్జీ పైదాకా వెళ్లింది. ప్రమాదాల జాబితాలో ఈ మలుపు పేరు కూడా ఉండేది. పోయిన వారం కొట్టేశారు. యాక్సిడెంట్లు లేనిచోట కెమెరా దండగన్నారు."

"గిది ఉండబట్టే గద సార్ లేనిది!"

"ఆ మాట కాగితం మీద రాయమంటావా? రాస్తే రేపే దీన్ని పీకించేస్తారు."

"పీకేస్తే?"

"పీకేస్తే మళ్లీ జాబితాలోకి..." ఎస్సై సగంలో ఆగిపోయాడు. తన నోటికి ఏం వస్తోందో అప్పుడే తెలిసినట్టుంది. తల వంచుకుని జీపెక్కాడు.

జాబితాలోకి ఎక్కాలంటే ఎవరో ఒకరు మళ్లీ రోడ్డు మీద పడాలి. అక్కడ అందరికన్నా నెమ్మదిగా దాటేది ఎవరో వీరయ్యకు ఒకరు చెప్పనక్కర్లేదు. కోపం వచ్చింది గానీ, కోప్పడే ఓపిక లేకపోయింది.

అవతలి బంగళా గేటులోంచి రాజమ్మ వచ్చింది. ఒక క్యాబు డబ్బాను చూసి నెమ్మదించింది. ఆమె కాలీడ్చుకుంటూ దాటి ఇవతలికొచ్చింది.

"ఏమన్నడయ్యా పోలీసాయన? అసలుది పెడ్తరంటనా?"

"ఇప్పట్ల పెట్టరు."

"మరెట్ల?"

వీరయ్య పైకి చూశాడు. తన చేతి పని ఒక్కటైనా నిలవాలని ఒకప్పుడు ఎంతో ఆశపడ్డాడు. ఇప్పుడు ఇది నిలిచి తీరాలి, రాజమ్మ నడిచినన్నాళ్లూ. అరవై మూడేళ్ల మోకాళ్లు నిచ్చెనను చూసి అప్పుడే మొరాయిస్తున్నాయి.

"జర నిచ్చెన పట్టుకో," అన్నాడు. "ఇంకో కోటు రంగు ఎయ్యాలె."

రాజమ్మ మంచి కాలి మీద బరువు వేసి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది.