యమున కంటెయినర్

నెల్లిమర్ల దగ్గరి ఓ జనపనార సంచుల కంపెనీలో ఎగుమతుల పని ఏళ్ళుగా గిరిబాబుదే. అమెరికాలో గోడౌన్ అద్దెకు తీసుకున్నాక, అక్కడివాళ్ళతో మాట్లాడే పని కూడా తనకే వస్తుందనుకున్నాడు. యజమాని జగన్నాధం దాన్ని కొత్తగా చేరిన యమునకిచ్చాడు.

"ఆళ్ళేటడిగినా నువ్వు సరే సరే అనేస్తావురా గిరీ. తరవాత మాట తప్పుతాం. ఆ పిల్ల అవ్వదంటే అవ్వదని మొకమ్మీదే సెప్పేస్తాది. ఆళ్ళకదే కావాలట," అన్నాడు.

గిరిబాబు నవ్వి ఊరుకున్నాడు. కానీ రోజూ సాయంత్రం కాల్‌లో గోడౌన్ మేనేజరు లిండాతో యమున నవ్వుతూ మాట్లాడుతుంటే, అద్దాల గది బయట అతని చేతిలో టీ చల్లారిపోయేది. ఇంట్లో భార్య కుమారి ఆ పిల్ల పేరెత్తినా కంచం ముందునుంచి లేచిపోయేవాడు.

ఓ రోజు కంటెయినర్‌కి సరుకు ఎక్కిస్తున్నారు. యమున లోపల పోర్టు ఏజెంటుతో ఫోన్‌లో ఉంది. పెట్టెల కింద వేసిన చెక్క పాలెట్లు గిరిబాబు కంటపడ్డాయి. పురుగు పట్టకుండా వేడిచేసిన చెక్క అని తెలిపే ముద్ర వాటిమీద లేదు. అది లేకపోతే అమెరికా రేవులో సరుకు ఆపేస్తారు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. అమెరికా పనులన్నీ ఆవిడవే కదా, ఇదీ ఆవిడే చూసుకోనీ అనుకున్నాడు. ఆ పూట అన్నం రుచిగా తిన్నాడు.

ఓడ అమెరికా చేరాక, అనుకున్నట్టే సరుకు రేవులో ఆగిపోయింది. ఆ రోజు కాల్‌లో గిరిబాబు కూడా కూర్చున్నాడు, యమునకు పడే చీవాట్లు చెవులారా విందామని.

"తప్పు నాది. పాలెట్లు నేను చూడలేదు," అని యమున ఇంగ్లీషులో సూటిగా చెప్పేసింది.

"దాచకుండా చెప్పావు, థాంక్స్. ఇప్పుడేం చేద్దాం?" అంది లిండా.

సరుకు వెనక్కి రప్పించి మళ్ళీ పంపాలని తేల్చుకున్నారు. జగన్నాధం మొహం మాడ్చుకున్నాడే గాని ఆమెను పల్లెత్తు మాట అనలేదు. తప్పు చేసి కూడా ఈవిడ నెగ్గుకొచ్చేసింది! గిరిబాబుకు ఒళ్ళు మండిపోయింది.

బయటికొచ్చాక యమున కళ్ళు తుడుచుకుంటూ అడిగింది. "ఎక్కించినప్పుడు నువ్వక్కడే ఉన్నావు కదా అన్నియ్యా, ముద్ర సూడనేదా?"

లేదనబోయాడు. ఆమె అంత సులువుగా అనేసిన మాట తను మాత్రం అనలేడా అని పంతం పుట్టింది.

"సూసాను," అన్నాడు. "సూసే సెప్పనేదు. తప్పు నాదే."

యమున థాంక్స్ చెప్పలేదు. నేరుగా జగన్నాధం గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మర్నాటినుంచి గిరిబాబును ఊళ్ళమ్మట అమ్మకాలకు మార్చారు. కాల్ వేళకు శ్రీకాకుళం బస్సులో ఉన్నాడు. పక్క సీటాయన ఏదో అడుగుతున్నా వినిపించుకోలేదు. యమున ఇప్పుడు లిండాతో నవ్వుతూ ఉంటుందా, లేదా? అతని మనసంతా అక్కడే ఉంది.